కల్బాలో కలువలు

నేను 'పొద్దు పొడిచింది' అంటే మా ఊళ్లో ఒకసారి బయటికి వచ్చి చూసుకుని గానీ ఎవరూ వేపపుల్ల నోట్లో పెట్టుకోరు. నా మాటకున్న పరపతి అది. అందుకే దుబాయ్ నుంచి వచ్చాక నోటితో చెప్పడం మానేసి ఇలా రాస్తున్నాను. అచ్చులో కనబడితే అబద్ధం కూడా కాస్త కుదురుగా కూర్చుంటుందని ఆశ.

దుబాయ్ వెళ్లింది నా గొప్ప వల్ల కాదు, మా వదినె గొంతు వల్ల. సత్తవ్వ మా పెద్దన్న భార్య. నాట్లలో, కలుపుల్లో పాడుకునే మనిషి. కరోనా కాస్త సద్దుమణిగాక ఎవరో ఆమె పాట ఫోన్‌లో విని హైదరాబాద్‌లో ఒక స్టూడియోకి పిలిపించారు. గోడలకు నురుగు పరుపులు అతికించిన గది. చెవులకు డిప్పలు తగిలించి, నిటారుగా నిలబెట్టి పాడమన్నారు. గొంతు పెగల్లేదు. మడిలో నడుము వంచి పాడే మనిషికి నిలబెడితే రాగం ఎక్కణ్ణుంచి వస్తుంది? చివరికి మైకును మోకాళ్ల దాకా దించారు. ఆమె వంగి, చేతులతో లేని నారు పెట్టుకుంటూ, ఆ గదినంతా నాటేసి వచ్చింది.

ఏడు పాటలతో ఆల్బమ్ వచ్చింది. దాని పేరు 'కలువల నా బావ'. ఆ ఏడాది జగిత్యాల చుట్టుపక్కల ఆ పాట పెట్టకుండా ఒక్క పెళ్లి బరాత్ కూడా కదల్లేదు. ఆటోల్లో అదే, ట్రాక్టర్లలో అదే, గడ్డం గీసే చోటా అదే.

కలువల నా బావ కబురంపడాయె
కంకి వంగే యాళ్లకు కండ్ల పడడాయె

ఒక పెద్దమనిషైతే ఇందులో బావ అంటే చంద్రుడని, కలువలు ఆయన కోసం కళ్లు విప్పుకుని ఉంటాయని వ్యాసమే రాశాడు. వదినె ఆ వ్యాసం నాతో చదివించుకుని, 'ఔనా' అని మాత్రం అంది.

కార్యక్రమాల్లో నా పని పాటకూ పాటకూ మధ్య కోతలు కోయడం. ఆమె గొంతు తడుపుకుని ఊపిరి పీల్చుకునే లోపు జనం లేచిపోకుండా చూడాలి. మా ఊరి బర్రె ఒకటి సెల్‌ఫోన్ మింగిందనీ, పాలు పితుకుతుంటే కడుపులోంచి సత్తవ్వ పాట మోగుతోందనీ, ఆ పాలు తాగిన పిల్లలు రాగం తీసి మరీ ఏడుస్తున్నారనీ చెబుతాను. ఈ బర్రె నాకంటే పేరున్న జీవి. దాని సంగతి ముందుముందు మళ్లీ వస్తుంది.

ప్లాస్టిక్ కలువలు

అక్కడి తెలుగువాళ్లు పిలిస్తే వెళ్లాం; దుబాయ్‌లో విమానం దిగేసరికే నా మోకాళ్లు నావి కావు. వదినె కళ్లు ఎర్రబడ్డాయి. అప్పటికే నెల రోజులుగా ఊరూరా తిరిగి పాడుతోంది. పొగడ్తలు మోయడం నారుకట్టలు మోయడం కంటే కష్టమని ఆమె అంటే నవ్వాను గానీ, పొగడ్తల్లో నా వాటా తక్కువ కాబట్టి నాకెలా తెలుస్తుంది?

కార్యక్రమం ఒక హోటల్ హాల్లో. వేదిక మీద నీలిరంగు గుడ్డ పరిచి, దాన్ని కొలను అనుకోమని ప్లాస్టిక్ కలువలు గుచ్చారు. మన దగ్గర పెళ్లిపందిట్లో పూలు సాయంత్రానికి వాడిపోతాయి. అక్కడి పూలకు వాడే తీరిక కూడా లేదు. హాలు గోదాములా చల్లగా ఉంది. వంగి పాడదామంటే అడుగడుక్కీ కలువ అడ్డం. నాలుగో పాటకు ఆమె గొంతు జీరబోయింది, ఆరో పాటకు గాలి మాత్రమే వచ్చింది. నేను బర్రెను వేదిక ఎక్కించి, దూడను కూడా ఎక్కించి, ఎలాగో ఒడ్డుకు చేర్చాను.

మొదటి వరసలోంచి ఒకావిడ నేరుగా వేదిక వెనక్కి వచ్చింది. పేరు గ్రేసమ్మ, అమలాపురం పక్కన ఊరు, దుబాయ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి నిద్రపోకుండా పాట కోసం వచ్చిందట. వదినె నోరు తెరిపించి ఫోన్ లైటుతో చూసింది.

"అమ్మా, రెండ్రోజులు నోరు విప్పకండి. గుసగుసలు కూడా వద్దండి. గుసగుస ఇంకా చేటు. ఏవన్నా ఉంటే ఈయన్తో చెప్పించండి."

వదినె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇల్లు తగలబెట్టేవాడి చేతికి అగ్గిపెట్టె ఇస్తున్నట్టు చూసింది. నేను ఆ సందడిలో ఒక ప్లాస్టిక్ కలువను పీకి సంచిలో వేసుకున్నాను. దుబాయ్ కొలనులో కోసుకొచ్చానని మా ఇంటిదానికి చెబుదామని.

సోనాపూర్ గేటు బయట

పనివాళ్లను కలవాలని వదినె ముందే మాట తీసుకుంది. సోనాపూర్ అంటే బంగారు ఊరని అర్థం. అక్కడ ఉన్నవి క్యాంపులు. ఆడవాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి గేటు పక్కన కిరాణా కొట్టు నీడలో నిలబడ్డాం. పని దిగిన బస్సులు వస్తున్నాయి. ప్రతి కిటికీ అద్దానికీ ఒక తల ఆనుకుని ఉంది, నోళ్లు తెరిచి నిద్ర. మన దగ్గర బస్సెక్కితే పక్కవాడి ఊరూ పేరూ గోత్రమూ తెలుసుకుంటాం. అక్కడ సీటు దొరికితే ఎవరి నిద్ర వాళ్లదే. బస్సు ఆగాక కూడా కొంతసేపు ఎవరూ దిగలేదు.

దిగినవాళ్లు మా చుట్టూ మూగారు. ఎక్కువమంది మా వైపు వాళ్లే. ఒకతను వదినె చేతిలో కడక్ చాయ్ పెట్టి పోయాడు, తన పేరు కూడా చెప్పకుండా. వాళ్లలో శేఖర్ అని ఒక డ్రైవరు, కోరుట్ల పక్క కుర్రాడు, మాటకారి. అతనే అన్నాడు:

"అక్కా, కల్బాల రాజేశం అని ఒకడున్నడు. మావోళ్ల రూముల్నే ఉంటడు. గీ పాట నా పెండ్లాం కట్టింది, గా బావను నేనే అంటడు. ఇగ అందరు ఆన్ని 'కలువ బావా, చాయ్ పట్టు', 'కలువ బావా, అంట్లు తోము' అని సతాయిస్తరు. పెండ్లాం పేరు లచ్చవ్వనట."

చాయ్ వదినె నోటి దాకా వెళ్లి ఆగింది. నా భుజం పట్టుకుని పెదవులు కదిపింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ కదిపింది: కల్బా.

అదేం ఊరని శేఖర్‌ను అడిగాను. తూర్పు సముద్రం ఒడ్డున ఊరట, కొండలు దాటి పోవాలట.

లచ్చవ్వ మాకు తెలిసిన మనిషే. మా పక్క ఊరు, నాట్ల గుంపుకు పెద్ద. ఈ పాట వదినె నేర్చుకున్నది ఆమె పక్కన నడుము వంచి, ఎప్పటినుంచో ఉన్న నాట్ల పాటే అనుకుని. స్టూడియోలో 'కల్బాల' అని, అంటే కల్బాలో అని, పాడితే, పరికరాల ముందు కూర్చున్నాయన, పల్లె నోరు కదా, కలువను కల్బ అంటున్నారు అనుకుని దిద్దాడు. వదినె కూడా సరే అంది. ఆమెకూ అది కలువే. మా ఊళ్లలో గల్ఫ్ మొత్తానికీ ఒకటే పేరు, దుబాయ్. ఎవడు ఎక్కడ ఉన్నా దుబాయ్ పోయిండనే అంటారు. మనిషి దిగిన ఊరి పేరు పలికేది ఇంట్లో ఎదురుచూసే మనిషొక్కతే. దుబాయ్ అన్నది ఊరి మాట, కల్బా అన్నది పెండ్లాం మాట. మేం దాన్ని పువ్వును చేసి ఊరేగించాం.

మర్నాడు మాకు పెద్ద టవరు చూపిస్తామన్నారు. వదినె తల అడ్డంగా ఊపింది. వేలు తూర్పుకు చూపించింది.

చెట్టు లేని కొండలు

శుక్రవారం శేఖర్‌కు సెలవు. ఎవరి దగ్గరో బండి అడిగి తెచ్చాడు. ఇసుక దాటగానే కొండలు మొదలయ్యాయి. మాడిన రొట్టెల్లా ఒకదాని వెనక ఒకటి, ఒక్క చెట్టు లేదు. మన గుట్ట మీద కనీసం సీతాఫలం చెట్టన్నా ఉంటుంది, మేక అన్నా ఉంటుంది. ఇక్కడ మేకను వదిలితే రాయి నమలాలి. కొండ పొట్టలో సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ నేను నిద్రలోకి జారడం, బయట వెలుతురుకు లేవడం.

దారిలో మలయాళీ కొట్టు దగ్గర ఆగాం. బండి దిగనక్కర్లేదు, హారన్ కొడితే చాయ్ కిటికీ దగ్గరికే వస్తుంది. దిర్హమున్నర. మన రూపాయల్లోకి మార్చొద్దు, చాయ్ చేదెక్కుతుందని శేఖర్ హెచ్చరించాడు. పరోటా వేడిగా ఉంది. మా ఊళ్లో హోటల్ ముందు హారన్ కొడితే హోటలాయన బయటికొచ్చి ఎవడ్రా వాడని అడుగుతాడు.

దారంతా శేఖర్ రాజేశం గురించి చెబుతూ, నవ్వుతూ, మధ్యలో వదినె మొహం అద్దంలో చూసి నవ్వు తగ్గించుకుంటూ వచ్చాడు. సతాయించినవాళ్లలో తనూ ఉన్నాడని నేను గ్రహించాను. వదినె కిటికీకి తల ఆనించి కూర్చుంది. మెడకు నా మఫ్లరు చుట్టుకుంది. నేనేదైనా పెంచి చెబితే వీపు మీద ఒక్కటి చరిచేది. కొండలు దాటేసరికి నా వీపు చదునైంది.

మాట చెల్లని చోట

కల్బా చిన్న ఊరు. సముద్రం ఎవరినీ పిలవనట్టు మెల్లగా ఉంది. రోడ్ల మీద తొందర లేదు. సందులో ఒక పాత ఇల్లు, మధ్యలో వాకిలి, చుట్టూ గదులు, తీగల మీద బనియన్లు. వాకిట్లో చాప వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు.

రాజేశం సన్నటి మనిషి. ఇనుప చువ్వలు కట్టే పని. వేళ్లు కొక్కేల్లా వంగిపోయాయి, నమస్కారం పెడితే రెండు చేతులూ సరిగ్గా కలవలేదు. వదినెను చూడగానే గుర్తుపట్టాడు. లోపలికి పోయి చొక్కా మార్చుకుని వచ్చాడు.

వదినె నన్ను మోచేత్తో పొడిచింది, చెప్పమని. నేను లేచి, ఈ పాట కట్టింది రాజేశం భార్య లచ్చవ్వేనని, కలువ అన్నది స్టూడియో చేసిన పొరపాటని, అసలు మాట కల్బా అని చెప్పాను. నా జన్మలో ఒక్క ఈక తగిలించకుండా చెప్పిన మొదటి మాట అది.

అంతా వింటున్నారు. అప్పుడు గోడకానుకున్న ఒక ముసలాయన కళ్లజోడు సర్దుకున్నాడు. మైసయ్య. మా ఊరికి రెండూళ్ల అవతల మనిషి. ఏళ్లుగా వాళ్లకు వండిపెడుతున్నాడు.

"ఓ గంగారాం, నువ్వేనా? రాజేశం, నీకు గీయన సాక్ష్యమా? బర్రె కడుపుల ఫోన్ మోగిందన్నోని సాక్ష్యమా? ఇగ నీ మాట అబద్ధమని ఖాయమాయె. ఖలాస్."

వాకిలంతా నవ్వింది. ఈమె సత్తవ్వ అని నేనంటే ఇంకా నవ్వారు. ఫోన్‌లో సత్తవ్వ పట్టుచీరలో నిండుగా ఉంటుంది. ఇక్కడున్నది మఫ్లరు చుట్టుకుని, కళ్ల కింద నలుపుతో, మాట్లాడని మనిషి. ఎవరో ఒక ముక్క పాడమన్నారు. గ్రేసమ్మ మాట నేను చెప్పబోయాను. వదినె నన్ను ఆపి, కూర్చున్నచోటే ముందుకు వంగి నోరు తెరిచింది. గీరుకున్న చప్పుడు వచ్చింది, అంతే. ఒకతను, "కలువ బావా, కిరాయికి మంచోళ్లను దొరకవట్టలేవా" అన్నాడు.

రాజేశం తల వంచుకుని చాప అంచు పోగులు సర్దుతున్నాడు. మేం రాకముందు అతని మాట అనుమానం. మేం వచ్చి దాన్ని అబద్ధం చేశాం. ఇంతదూరం నడుము పడిపోయేలా వచ్చి ఒక మనిషి పరువు తీసి పోతున్నామనిపించింది.

నవ్వు సద్దుమణిగాక మైసయ్యే మళ్లీ అన్నాడు. ఆయన తల్లి కూడా నాట్ల గుంపు నడిపిన మనిషట. పాట ఎవరిదని తగవు వస్తే ఒకటే మాట అనేదట.

"పాట నీదైతె ఇంకో చరణం కట్టు. గంతే. కట్టినోళ్లకు తోవ తెలుస్తది, విన్నోళ్లు ఆడికే ఆగుతరు. లచ్చవ్వను కట్టి పంపమను, జూద్దాం."

అక్కడ ఇంటర్నెట్ కాల్ కలవదు, మాట రికార్డు చేసి పంపడమే. రాజేశం ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, సత్తవ్వక్క వచ్చిందని, గొంతు పోయిందని, గంగారామన్న కూడా ఉన్నాడని, పాట నీది కాదంటున్నారని, ఒక చరణం కట్టి పంపమని చెప్పాడు. బతిమాలినట్టు లేదు. సామాను పంపమన్నట్టు చెప్పాడు. యాసంగి నాట్ల రోజులు. ఆమె మడిలో ఉంటుంది.

ఈలోపు అన్నం పెట్టారు. సముద్రం చేప, చింతపండు పులుసు. చేప మెత్తగా ఉంది గానీ మా చెరువు చేపకుండే మట్టి వాసన లేదు. పులుసు మాత్రం మైసయ్య చేతిలో జగిత్యాలకు చేరింది. తింటూ అడిగాను, ఇంటికి ఫోన్ చేయవా, 'కబురంపడాయె' అని ఎందుకు కట్టింది అని.

"ఫోన్ల దినాం మాటలు పంపుతనే ఉన్న అన్నా," అన్నాడు రాజేశం. "కబురంటే గది గాదు. వస్త అనే కబురు. కరోనకు ముందు పోయి వచ్చిన. ఇగ పోదమనుకునేసరికి అర్బాబ్ ఇంకో విల్లా మొదలువెడ్తడు. పోతె మల్ల పిలుస్తడో లేదో."

అర్బాబ్ అంటే యజమాని. ఆ భయం అక్కడున్న అందరికీ తెలిసిందే కాబోలు, ఎవరూ తల ఎత్తలేదు. వదినె నములుతున్నది ఆపి అతన్ని చూస్తూ ఉండిపోయింది.

చేతులు కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. రాజేశం దాన్ని చాప మధ్యలో పెట్టాడు. నొక్కడానికి వేలు రాలేదు. మైసయ్య నొక్కాడు.

ముందు నీళ్ల చప్పుడు. బురదలోంచి కాలు తీసిన చప్పుడు. తర్వాత లచ్చవ్వ గొంతు, నడుము వంచినప్పుడు వచ్చే గొంతు.

కల్బాల నా బావ కబురంపడాయె
కంకి వంగే యాళ్లకు కండ్ల పడడాయె

వెనక ఆడవాళ్లు అందుకున్నారు. కల్బాల అనే అన్నారు, అందరూ, స్పష్టంగా. ఆ తర్వాత ఎప్పుడూ వినని చరణం:

బర్రె కడుపుల ఫోను మోగితె నమ్మిరి గని
బావ మాట నమ్మరాయె బక్క దోస్తులు

ఎవరో ఫక్కున నవ్వారు. మడిలో ఒకరు పాట ఎత్తితే తక్కినవాళ్లు అందుకోవాలి, లేకపోతే నాటు సాగదు. ఆ పాటల్లో వినడమంటూ లేదు, అందుకోవడమే. అక్కడున్నవాళ్లంతా తల్లుల వెంట గట్ల మీద పెరిగినవాళ్లు. మైసయ్య నోరు తనకు తెలియకుండానే కదిలింది. పక్కనతను. శేఖర్. 'బావ మాట నమ్మరాయె బక్క దోస్తులు' అని తమను తిట్టిన పాటను తామే అందుకున్నారు. వదినె గొంతు లేక, చేత్తో చాప మీద తాళం వేసింది.

కొలనులేని ఊరికి కలువలంపిరాయె
కల్బాల కలువలు పూస్తెనే వస్తవా
పూస్తెనే వస్తవా బావా, పూయకుంటె రావా

దీన్ని ఎవరూ అందుకోలేదు. అది గుంపును అడిగింది కాదు. ఫోన్ ఆగిపోయింది. తీగ మీద బనియన్లు ఊగుతున్నాయి. అందరూ రాజేశాన్నే చూస్తున్నారు, రాజేశం ఫోన్‌ను చూస్తున్నాడు. మాట నిజమని తేలితే అతని మొహం వెలుగుతుందనుకున్నాను. ఇంకా అలసిపోయినట్టు కనిపించాడు.

వదినె లేచి నా సంచి లాక్కుంది. సంచిలో ఏముందో ఆమెకెలా తెలుసని అడక్కండి, నన్ను పాతికేళ్లుగా చూస్తోంది. ప్లాస్టిక్ కలువను బయటికి తీసి, నల్లా కింద నిండిన బకెట్లో వేసింది. అది ఒక మునక వేసి, తేలి, పక్కకు వాలి నిలబడింది.

రాజేశం బకెట్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. తర్వాత ఫోన్ నోటికి ఆనించాడు.

"పూసినయి."

అంతే పంపాడు.

అబద్ధాల పనిలో తల నెరిసినవాణ్ణి. బర్రెను, దూడను, వాటి పాలనూ మోశాను. అంత పొట్టిదాన్ని, అంత బరువైనదాన్ని నేనెప్పుడూ చెప్పలేదు.

జెబెల్ అలీ

ఆదివారం దుబాయ్ శివారున జెబెల్ అలీలో కంపెనీ వాళ్లు పెట్టించిన చిన్న కార్యక్రమం. ఫ్యాక్టరీ షెడ్డు పక్కన ఖాళీ జాగా, కింద కూర్చున్న జనం. వదినె గొంతు సగం తిరిగొచ్చింది. ఆ సగంతో, వంగి, 'కల్బాల నా బావ' అని పాడింది. నిర్వాహకుడు నా చెవిలో, పోస్టరు మీద కలువల అని ఉంది కదా సార్, తప్పు పాడుతున్నారు, అన్నాడు. ఆమె గొంతు ఇంకా కుదరలేదని చెప్పాను. పాట అయ్యాక ఎవరు కట్టారో కూడా ఆమే చెప్పింది. బర్రె కథ చెప్పమని జనం అరిచారు. నాకు ఎందుకో ఆరోజు బర్రె లేవలేదు.

సున్నం వాసన

తిరిగొచ్చిన వారానికి గానీ నా నడుము మంచం వదల్లేదు. లేచాక రాజేశం ఇచ్చిన మూట పట్టుకుని లచ్చవ్వ ఇంటికి పోయాను. సబ్బులు, ఖర్జూరాలు, నొప్పుల మందు. స్టూడియో ఆయనకు వదినె ఫోన్ చేసి పాట కింద 'జానపదం' తీసేసి లచ్చవ్వ పేరు రాయమంది, చూద్దామన్నాడు. ఆ సంగతీ చెప్పాను.

పండగ లేకున్నా గోడలకు సున్నం వేస్తున్న లచ్చవ్వ మూట అందుకుని పక్కన పెట్టింది. కలువ అని పాడినప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, "నా బావ యాడున్నడో బరాత్‌లల్ల డీజే పెట్టుకొని చెప్పాల్నా? పువ్వే మంచిగుంది అని ఊకున్న" అంది. మూట ముడి వైపు చూస్తూ అడిగింది.

"నిజంగ పూసినయా అన్నా?"

ఉన్నదున్నట్టే చెప్పాను. ఒక్కటి పూసిందని, బకెట్లో పూసిందని, నా కళ్లతో చూశానని.

"నీ మాట నమ్మితె మునిగినట్టే," అంది.

అంటూనే లేచి, మోచేతుల దాకా అంటిన సున్నం కొంగుకు తుడుచుకుని, సున్నం బకెట్ ఎత్తుకుంది. ముందు గోడ తెల్లగా ఆరుతోంది. పక్క గోడ ఇంకా మిగిలి ఉంది.